నాయన తవ్విన గుంట

(‘అతుకు’ – పదకొండో భాగం)

కిందటి వారం సిద్ధమ్మను ఏకాంబరం ఇంటి గడప దగ్గర వదిలేసి మన దారిన మనం పోయాం. పాపం, అప్పటినుంచి ఆమె అక్కడే నిలబడి ఉంది. ఇంక లోపలికి తీసుకుపోదాం.

ఆమె వెనక ఇద్దరున్నారు. ఒకరు ఐశ్వర్య, బెంగళూరులోని ‘సహపథం’ ట్రస్టు పంపిన అమ్మాయి. ఉన్న ఊరు వదిలి పారిపోయి వచ్చినవాళ్ళకు పని చూపించి తమలో కలుపుకునే చిన్నచిన్న సంఘాలకు ఆ ట్రస్టు నిధులిస్తుంది. రెండో మనిషి తవమణి. యుద్ధంలో అందరినీ పోగొట్టుకుని శ్రీలంక నుంచి పడవెక్కి వచ్చిన కాందిశీకురాలు. సరిహద్దుకు అవతల, తమిళనాడు శిబిరంలో ఉంటుంది. నాలుగు నెలలుగా పొద్దున్నే షేర్ ఆటోలో ఇవతల మన నగరి ఊరికి వచ్చి, సిద్ధమ్మ నడిపే నేత మహిళల సంఘంలో కండెలకు నూలు చుట్టి సాయంత్రానికి తిరిగి పోతోంది. మన తెలుగు కూడా నోటికి పట్టించుకుంది.

శిబిరంలో ఆమెలాంటి ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళందరికీ మగ్గం నేర్పిస్తానని సిద్ధమ్మ మాటిచ్చింది. మాట ఇవ్వడంలో ఆమెది పెద్ద చెయ్యి. నిలబెట్టుకోవడానికే ఇప్పుడు ట్రస్టు చెయ్యి కావాలి. ట్రస్టువాళ్ళు ఒక్కటే షరతు పెట్టారు. కాందిశీకులను వేరే షెడ్డులో కూర్చోబెడితే కుదరదు, ఊరివాళ్ళ ఇళ్ళలో, ఊరివాళ్ళ పక్కన కూర్చుని నెయ్యాలి. అందుకు ఇంటి యజమాని తన నోటితో తాను ఒప్పుకోవాలి. నేతవీధిలో యజమానులు ఎందరున్నా నోరు మాత్రం ఒకరిదే, అది ఏకాంబరానిది. ఆయన ఊఁ అంటే వీధంతా ఊఁ అంటుంది. ఐశ్వర్య ఈ సాయంత్రమే రైలెక్కాలి, రేపు ట్రస్టు కమిటీ కూర్చుంటుంది. ఈ పొద్దు మాట రాకపోతే తవమణితో సహా ఆ ఆడవాళ్ళంతా ఇటుకబట్టీ మేస్త్రీ వెంట కూలికి పోవాల్సిందే.

పెరటి షెడ్డులో రెండు గుంట మగ్గాలు పక్కపక్కనే ఉన్నాయి. గుంట మగ్గమంటే నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, గట్టుమీద కూర్చుని నేసేది. ఆ రెండు గుంటలనూ ఏకాంబరం తండ్రి తన చేత్తో తవ్వాడు. ఒకదాని మీద డెబ్బై దాటిన ఏకాంబరం ఇంకా నేస్తున్నాడు. రెండోది ఆయన భార్య నాగులమ్మది. ఆమె పోయాక ఆ మగ్గం ఖాళీగా ఉంది. పొద్దున్నే ఆ గట్టుమీద దీపం పెట్టి, పసుపూ కుంకుమా అద్ది గానీ ఏకాంబరం తన మగ్గం మీద కూర్చోడు. కొడుకు మురుగేష్ ఆ గుంటలు పూడ్చి, సిమెంటు పోసి పవర్‌లూములు పెట్టాలని ఎన్నాళ్ళుగానో పోరుతున్నాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా తండ్రి అన్నం ముందునుంచి లేచిపోతాడు. అలాంటి మనిషిని ఆ గుంటనే అడగడానికి వచ్చింది మన సిద్ధమ్మ.

అడ్డపోగు మోసే నాడెను ఏకాంబరం ఆపలేదు. నిలువు దారాల ఎర్రటి పడుగులో అది ఇటునుంచి అటు పోతూనే ఉంది. బుగ్గలో ఆకువక్క ఉంది.

“మామా, ఈయమ్మ బెంగళూరు నుంచి వచ్చినాది,” అంది సిద్ధమ్మ.

“రానీ. కూసోమను. కాఫీ తాగిపొమ్మను.”

“కాఫీకి కాదు మామా. నాగులక్క మగ్గం కోసరం.”

నాడె ఆగింది. షెడ్డులో ఆ టకటక ఆగిపోతే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో సిద్ధమ్మ మరిచిపోయింది.

“సూడు సిద్ధమ్మా,” అన్నాడు ఏకాంబరం తల ఎత్తకుండానే. “నువ్వు మంచిదానివి. నీ సంఘమూ మంచిదే. ఆ బిడ్డ కూడా మంచిదే అయ్యుంటాది, నేను కాదనలే. అయితే ఈ గుంటలో మా ఇంటి కాళ్ళు తప్ప ఇంకోళ్ళ కాళ్ళు దిగింది లేదు. మా నాయన తవ్వినాడు. నా పెండ్లాం పెండ్లైన మూడో దినం దిగింది. ఆడికి అయిపోయింది.”

ఐశ్వర్య ముందుకు వచ్చి నెమ్మదిగా అంది. “ఏకాంబరంగారూ, మీ మగ్గం మీదగ్గరే ఉంటుంది. తవమణిగారు మీ పక్కన కూర్చుని నేర్చుకుంటారు, అంతే. బలవంతం ఏమీ లేదు. మీకు ఇష్టం లేదంటే నేను లేదనే చెప్పేస్తాను.”

“లేదనే సెప్పమ్మా,” అన్నాడు ఏకాంబరం. “అబద్ధం సెప్పి పంపడం నాకు సేతకాదు.”

అంతే. అంత పెద్ద సంగతి అంత చిన్నగా అయిపోయింది. సిద్ధమ్మకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. వెనక్కి తిరిగి చూడాలంటే సిగ్గేసింది, వెనక తవమణి ఉంది. తవమణి మాత్రం ఏమీ వినపడనట్టు పెరటి తలుపు దగ్గర నిలబడి బయటికి చూస్తోంది. ముందునుంచీ అంతే ఆ మనిషి. ఏ గదిలోకి వెళ్ళినా తలుపు దగ్గరే నిలబడుతుంది. అది వినయం అనుకుంటూ వచ్చింది సిద్ధమ్మ.

పొద్దు వాలుతోంది. వీధిలో మిద్దెలమీద పిల్లల అలికిడి మొదలైంది. ఆ వేళకేదో ఉందని పొద్దున ఎవరో అన్నారు గానీ, సిద్ధమ్మకు ఆ పూట ఆ ధ్యాసే లేదు.

అప్పుడు తూర్పున వెలిగింది.

మొదట కొండల వెనక ఎవరో దివిటీ ఎత్తినట్టు కాషాయరంగు వెలుగు. తర్వాత ఆ వెలుగు నేలను వదిలింది. నిప్పు ముద్ద ఒకటి, వెనక తెల్లటి తోక లాక్కుంటూ, ఏ తొందరా లేకుండా పైకి లేచింది. మిద్దెలమీద పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు. ఈలలు. ఎక్కడో పళ్ళెం మీద గరిటె మోత.

తవమణి కేక ఆ కేకల్లో కలవలేదు. అది వేరే కేక, మొదట తన తమిళంలో, వెంటనే తెలుగులో.

“పంకరుక్కుళ్ళ పోంగో! గుంటలోకి పోండి! గుంటలోకి!”

తర్వాత ఏం జరిగిందో వరస పెట్టి చెప్పమంటే ఈనాటికీ సిద్ధమ్మ వల్ల కాదు. ఆమె చెయ్యి పట్టి ఎవరో లాగారు. వీపు మీద ఒక్క తోపు. కళ్ళు తెరిచేసరికి తాను నాగులమ్మ మగ్గం గుంటలో ఉంది, ఒళ్ళో బెంగళూరు ట్రస్టు ఉంది. ఐశ్వర్య మోచెయ్యి ఆమె పక్కటెముకల్లో, ఆమె కొప్పు ఐశ్వర్య ముక్కులో. ఇంకో సమయంలో అయితే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు.

పక్క మగ్గం వైపు చూసి సిద్ధమ్మకు నవ్వు రాలేదు.

తవమణి ఎర్ర పడుగు మీదినుంచే దూకేసింది. దారాలు పుటపుటమని తెగాయి. గట్టుమీది ఏకాంబరాన్ని రెండు చేతులతో కిందికి జార్చి, గుంట అడుగున ముడుచుకునేలా తోసి, ఆయనమీద బోర్లా పడుకుంది. ఆ బక్క ఒంటితో ఆయన తల నుంచి మోకాళ్ళ దాకా ఎక్కడా కనపడకుండా కప్పేసింది. ఆమె రెండు బొటనవేళ్ళు ముసలాయన చెవుల్లో ఉన్నాయి.

“నోరు తెరు తాతా. నోరు తెరు. మూసుకోకు, చెవులు పగులుతాయి. నోరు తెరు.”

ఆ గొంతులో భయం లేదు. కేక వేసినప్పుడున్న భయం ఇప్పుడు ఎక్కడికి పోయిందో తెలియదు. నిద్రపోని బిడ్డను ఊరుకోబెట్టే తల్లి గొంతు అది. నేతవీధిలో ఎవరి మాటా వినని ఏకాంబరం నోరు తెరిచాడు. ఆకువక్క జారి గుంటలో పడింది.

ఏమీ కూలలేదు. ఏమీ పేలలేదు. చాలాసేపటికి, దూరంగా, ఎక్కడో బండి కదిలినట్టు సన్నటి గరగర వచ్చిందో, వచ్చిందని అనిపించిందో. మిద్దెమీద ఎవరో ఆడపిల్ల “ఇంకా కనపడతా ఉండాది, సూడండి సూడండి!” అని చప్పట్లు కొట్టింది.

అప్పుడు సిద్ధమ్మకు తెలిసివచ్చింది. “తవమణీ,” అంది. “రాకెట్టమ్మా అది. శ్రీహరికోటలో వదిలినారు. ఏం లేదు. మనదే. మన రాకెట్టే.”

తవమణి కదల్లేదు.

సిద్ధమ్మ ఎలాగో గుంటలోనుంచి పైకి పాకి, వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చీర చెమటతో తడిసి ముద్దయింది. ఒక్కొక్క వేలే విప్పుకుంటున్నట్టు మెల్లగా లేచింది తవమణి. సిద్ధమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పెరటి తలుపు దాకా నడిపించుకుపోయి ఆకాశం చూపించింది.

పొద్దు కిందికి దిగిపోయినా పైన ఇంకా ఎండ ఉంది. ఆ ఎండ తగిలి, రాకెట్టు వదిలిన పొగ మేలిమి జరీలా మెరుస్తోంది. గాలికి మెల్లగా మెలికలు తిరుగుతోంది. దాని పైకొసన ఒక చుక్క చిన్నదైపోతూ చిన్నదైపోతూ పోతోంది. పుట్టినప్పటినుంచీ చూస్తున్న దృశ్యమే అయినా సిద్ధమ్మ ఆ పూట కొత్తగా చూసింది, పక్కనున్న మనిషి కళ్ళతో చూసింది కాబట్టి.

“ఎవురి మీద పడతాది అక్కా అది?” అని అడిగింది తవమణి.

“ఎవురి మీదా పడదు.”

“ఎవురి మీదా?”

“అట్లే పైకి పోతాది. పోయి ఆడ్నే తిరగతా ఉంటాది.”

తవమణి ఆ మాటను నమ్మాలా వద్దా అన్నట్టు చాలాసేపు ఆకాశం వైపే చూసింది. ఆమె పెదవులు కదిలాయి. “పడకుండా కూడా పోతాదా?” అంది తనలో తాను. “నిప్పు పైకి పోయి, ఎవురి మీదా పడకుండా...” చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. గుడిలో కూడా ఆమె అలా దండం పెట్టడం సిద్ధమ్మ చూడలేదు. ఐశ్వర్య వాళ్ళ వెనక వచ్చి నిలబడి, జుట్టుకంటుకున్న మన్ను దులుపుకోవడం కూడా మరిచిపోయింది.

వెనక్కి తిరిగేసరికి ఏకాంబరం గట్టుమీద కూర్చుని ఉన్నాడు. ముందు తెగిన పడుగు వేలాడుతోంది. తవమణి అప్పుడు చూసింది దాన్ని. ముఖం తెల్లబోయింది. చూసింది దారాలను మాత్రమే కాదు, గుంటలో కాళ్ళతో తొక్కే పలకల మీద మన్నులో అచ్చుపడ్డ తన పాదాలను కూడా. ఆ ఇంటివి కాని పాదాలు.

“తాతా, తప్పయిపోయింది. అతికిస్తాను. రాత్రంతా కూర్చునైనా ఒక్కొక్క పోగూ అతికిస్తాను. నన్ను కొట్టినా సరే, అక్కను ఏమీ అనకండి.”

ఏకాంబరం దారాల వైపు చూడనేలేదు. “ఈడ కూసో,” అన్నాడు. ఆమె నేలమీద కూర్చుంది. “నన్నెందుకు కప్పినావు?”

ఆమెకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. అంత తెలిసిన సంగతిని ఎవరైనా అడుగుతారా?

“గుంటలో ముసలోళ్ళు, బిడ్డలు అడుగున ఉండాలి గదా. చేతనైనోళ్ళు పైన పండుకోవాలి.”

“ఎవురు నేర్పించినారు?”

“అమ్మ,” అంది తవమణి. “అప్పుడు నేను చిన్నదాన్ని, నాకు చేతకాదు. అమ్మకు చేతనయ్యింది. పైన పండుకుంది. తెల్లారినాక నన్ను ఒక్కదాన్నే లేపినారు.”

ఏకాంబరం తన ఎడమ చెవిని ఒకసారి తడుముకున్నాడు, అక్కడ ఇంకా ఆ బొటనవేలు ఉన్నట్టు. ఇంతకుముందు లేదు పొమ్మన్న మనిషి కోసం ప్రాణం అడ్డం పెట్టడానికి ఆమెకు ఆలోచించుకునే వ్యవధి కూడా అక్కరలేకపోయింది. ఆలోచించి చేసిన పని అయితే మెచ్చుకుని ఊరుకునేవాడేమో. ఇది మెచ్చుకుని వదిలేసే పని కాదని ఆ ముసలాయనకు తెలిసింది. ఆయన కళ్ళనుంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు.

“అమ్మా ఐశ్వర్యా, నా నోటితో నేను సెప్పాలంటివి గదా,” అన్నాడు. “సెప్తా ఉండా, ఇను. నా పెండ్లాం మగ్గం ఈ బిడ్డది. నేనుండేదాకా నా పక్కన కూసోని నేస్తాది. నేను పోయినాక కూడా నేస్తాది. రేపు మీవోళ్ళతో అట్లనే సెప్పు.”

సిద్ధమ్మ గోడకు ఆనుకుంది. వీధంతా నాలుగు నెలలు తిరిగి, బతిమాలి, కాఫీలు తాగి, తిట్లు తిని సాధించలేనిది ఆకాశంలో ఒక నిప్పు ముద్ద సాధించిపెట్టింది. తన తెలివి మీద ఆమెకున్న కాస్త గర్వమూ అక్కడికక్కడే దిగిపోయింది, హాయిగా కూడా ఉంది.

ఏకాంబరం లేచి, గూట్లోంచి కుంకుమబరిణె తెచ్చి, నాగులమ్మ మగ్గం గట్టుమీద కొత్తగా బొట్టు పెట్టాడు. కొత్త మనిషి మగ్గమెక్కేటప్పుడు చేసే తంతు అది. ఆ ఇంట్లో ఆ తంతు జరిగి ఒక జీవితకాలం అయింది.

“రా బిడ్డా. కుడికాలు ముందు పెట్టి గుంటలోకి దిగు.”

తవమణి గట్టు దాకా వచ్చింది. కుడికాలు ఎత్తింది. ఎత్తిన కాలు గుంట పైన అలాగే నిలిచిపోయింది. తర్వాత వెనక్కి వచ్చేసింది.

“నేను దిగలేను తాతా.”

“సిగ్గుపడొద్దు. నేనే గదా సెప్తా ఉండేది.”

“సిగ్గు కాదు.” ఆమె ఒళ్ళంతా వణుకుతోంది. ఇందాక గుంటలో లేని వణుకు ఇప్పుడు వచ్చింది. “పైనుంచి పడతా ఉంటే దిగినాను. పడకుండా ఉంటే దిగలేను. దినమూ పొద్దున దిగి, సాయంత్రం దాకా గుంటలో కూర్చోవాలంటే... నా వల్ల కాదు. శిబిరంలో మా ఆడవాళ్ళు ఎవురి వల్లా కాదు. అక్కకు చెప్పాలని దినమూ అనుకుంటాను. అంత ఆశగా మా కోసం తిరగతా ఉంటే ఎట్ల చెప్పేది?”

నాలుగు నెలలు! సిద్ధమ్మ ఎప్పుడు మగ్గం ఎక్కమన్నా, కండెలు చుట్టడం ఇంకా అయిపోలేదక్కా అనేది. చేతికి పని రాక కాబోలు అనుకుంది తాను. తలుపు దగ్గర నిలబడితే వినయం అనుకుంది. నేతవీధిలో పుట్టినవాళ్ళకు మగ్గమంటే గుంటే, ఆ గుంటలో కాళ్ళు ఆడించుకుంటూనే పెరుగుతారు. గుంటల్లో దాక్కుని బతికి బయటపడ్డ ఆడవాళ్ళను తెచ్చి మళ్ళీ గుంటల్లో కూర్చోబెట్టడానికా ఇంత పాటుపడింది? ఊళ్ళో ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికైనా ఆ ఊహ రాలేదే! ట్రస్టుకు పంపిన అర్జీలో కూడా గుంట మగ్గాలనే అడిగింది. ఆమె ఐశ్వర్య వైపు చూసింది. ఆ అమ్మాయి కూడా పెదవి కొరుక్కుంటూ నేల చూస్తోంది.

ఏకాంబరం మాత్రం గుంట వైపు చూస్తున్నాడు. దాని అంచులు నాగులమ్మ పాదాలు ఆని ఆని నున్నబడిపోయి ఉన్నాయి. వంగి ఆ నునుపును ఒకసారి అరచేత్తో రాశాడు. రాసిన చెయ్యి కళ్ళకద్దుకున్నాడు.

“మగ్గాన్ని పైకెత్తితే?” అన్నాడు.

“ఏంది మామా?”

“కొయ్యతో కాళ్ళు కట్టించి, మగ్గాన్ని పైకెత్తి నిలబెడితే? బల్లమీద కూసోని నేస్తాది. కాళ్ళు నేలమీదనే ఉంటాయి. శానా ఊర్లల్లో అట్లనే నేస్తా ఉండారు.”

“స్టాండు మగ్గాలకు కూడా మావాళ్ళు నిధులిస్తారు,” అంది ఐశ్వర్య గబగబా. “నేనే చెప్పి మార్పిస్తాను. కానీ ఏకాంబరంగారూ, ఆ గుంట...”

“మగ్గం పైకి లేస్తే కింద గుంట ఎందుకమ్మా? ఆ బిడ్డ దినమూ దాని మొగమే సూస్తా నెయ్యాల్నా?”

పెరట్లో బెండ మొక్కల దగ్గర ఆనించిన పార ఉంది. ఏకాంబరం వెళ్ళి దాన్ని తెచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడిచాడు. బెండమడిలోని మట్టి ఒక పారెడు ఎత్తుకుని వచ్చి, గట్టుమీద నిలబడ్డాడు. సిద్ధమ్మ ఆపుదామని ఒక అడుగు వేసి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. అలాంటి ముఖాన్ని ఎవరైనా ఎలా ఆపుతారు? తవమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“నాయనా, తవ్వినోడివి నువ్వు,” అన్నాడు ఏకాంబరం పైకి వినపడేలా. “నాగులూ, నేసినదానివి నువ్వు. నామీద కోపం పెట్టుకోవాకండి.”

మన్ను గుంటలో పడింది.

ఆ చప్పుడుతోపాటే వీధి తలుపు తోసిన చప్పుడైంది. పైకి చూస్తూ నవ్వుకుంటూ, రాకెట్టు సంగతి చెప్పబోతూ మురుగేష్ షెడ్డులోకి వచ్చాడు. అతని చూపు పారమీద పడింది. గుంటలోని మన్నుమీద పడింది. తర్వాత, మగ్గం పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని ఆడమనిషి మీద పడింది. నవ్వు ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

పార కిందికి దించి ఏకాంబరం కొడుకు వైపు తిరిగాడు.

“రెండేండ్లు నాయనా,” అన్నాడు మురుగేష్. గొంతు చాలా చిన్నగా ఉంది. “రెండేండ్లు నీ కాళ్ళావేళ్ళా పడినాను. కన్నకొడుకుని, పిడికెడు మన్ను వెయ్యనియ్యలేదు. నా కోసరం పూడ్చని అమ్మ గుంటను ఈ పొద్దు ఎవురి కోసరం పూడుస్తా ఉండావు?”